బరువు వద్దన్న కూలీ

మల్లెకొండ అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే ఉద్దండరాయలకు తన మీసం మీద ఎంత గర్వమో, తన వేగులవాళ్ళ మీదా అంతే గర్వం. "మావాళ్ళు వెంటపడితే చీమ కూడా తప్పించుకోలేదు" అని వచ్చిన అతిథికల్లా చెప్పుకునేవాడు.

ఒకరోజు ఓబులయ్య అనే ముసలి వేగు పొరుగు రాజ్యం నుంచి తిరిగి వచ్చాడు.

"ప్రభూ! అక్కడివాళ్ళు నన్ను పసిగట్టి నీడలా వెంబడించారు. ఎలాగో కన్నుగప్పి బయటపడ్డాను" అన్నాడు.

రాజు కళ్ళెర్రజేశాడు. "వేగులు వెంటపడ్డాక తప్పించుకోవడం ఎవడి తరం? నువ్వు వాళ్ళకు అమ్ముడుపోయావు. చెరలో వేయండి వీణ్ణి. ఎల్లుండి ఉరి!"

సభలో విదూషకుడు కొమ్మన ఉన్నాడు. ఓబులయ్య అతనికి స్వయానా మేనమామ. ఏడిస్తే రాజు కరగడు, నవ్విస్తే కరుగుతాడేమోనని లేచాడు.

"ప్రభూ, వెంటపడ్డవాడి కన్నుగప్పడం మా ఇంటి పిల్లికి కూడా తెలుసు."

"అయితే నువ్వు చేసి చూపించు!" రాజు తన వేలి ఉంగరం తీసి విసిరాడు. "రేపు పొద్దుగుంకేలోగా ఇది నీ మామ చేతికి చేరాలి. మా వేగుల నాయకుడు గండప్ప నిన్ను కనిపెట్టి ఉంటాడు. చేరితే నీ మామ బతుకుతాడు. లేదంటే ఉరికొయ్యకు రెండో తాడు కట్టిస్తాను."

మర్నాడు కొమ్మన ఉత్తరీయం కొంగున ఉంగరం ముడివేసుకుని వీధిలోకి వచ్చాడు. కూనిరాగం తీశాడు. వెనక్కి తిరిగి చూడలేదు. కంచరి అంగడి ముందాగి, తళతళలాడే బిందెను బేరమాడుతూ అందులోకి చూశాడు.

బిందెలో వీధంతా కనిపించింది. ఒక కూలీ, ఎవరో మూట మోయమంటే కసురుకుంటున్నాడు. వాడి పక్కన ఓ సోదెమ్మ, కొంగు చాటున గుబురు మీసం!

బరువు వద్దనే కూలీని చూసి కొమ్మనకు నవ్వు పొంగుకొచ్చింది. నేరుగా పూటకూళ్ళమ్మ ఇంటికి వెళ్ళి కుండెడు ములక్కాడల పులుసు పోయించుకున్నాడు.

"ఓయ్ కూలీ! ఇలా రా. ఈ కుండ మొయ్యి."

కూలీ వేషంలో ఉన్నది గండప్పే. కాదంటే వేషం బయటపడుతుంది. "చిత్తం బాబూ" అన్నాడు.

"అయ్యో, తల కాలుతుంది నాయనా" అంటూ కొమ్మన తన ఉత్తరీయాన్ని చుట్టకుదురులా చుట్టి, గండప్ప నెత్తిన పెట్టి, దానిమీద కుండ ఎత్తాడు. "సోదెమ్మా, ఈ విస్తళ్ళు నువ్వు పట్టుకో తల్లీ."

"అలాగే నాయనా" అంది సోదెమ్మ, ఢంకా మోగినట్టు. వీధి వీధంతా గొల్లుమంది.

చెరసాల వాకిట భటులు కొమ్మనను ఆపేశారు. "తమర్ని లోపలికి వదలొద్దని ఆజ్ఞ, కొమ్మనగారూ."

"నేనెందుకు? మా కూలీ పెట్టి వస్తాడు. మామకు ములక్కాడలంటే ప్రాణం."

భటులు కుండంతా గరిటెతో కలియబెట్టారు. ములక్కాడలు తప్ప ఏమీ లేవు. గండప్ప సోదెమ్మ చెవిలో "వాడి చేతుల మీంచి చూపు తిప్పకు" అని గొణిగి లోపలికి నడిచాడు.

"కుండ దొర్లిపోతుంది! చుట్టకుదురు మీదే పెట్టి రా!" అని బయటినుంచి కేకేశాడు కొమ్మన. తర్వాత సోదెమ్మ ఎదుట రెండు చేతులూ చాపుకుని కూర్చుని, సాయంత్రం దాకా జాతకం చెప్పించుకున్నాడు.

పొద్దుగుంకే వేళ సభ తీరింది.

"ప్రభూ, రెప్ప వేయలేదు. వీడి చేతినుంచి ఏదీ ఎవరికీ చేరలేదు" అన్నాడు గండప్ప.

రాజు మీసం మెలేశాడు. "ఉంగరమేదిరా కొమ్మనా?"

"మామనే అడగండి ప్రభూ."

ఓబులయ్యను తెచ్చారు. వేలికి ఉంగరం మెరుస్తోంది! రాజు సింహాసనం మీంచి లేచిపోయాడు. "ఎవడు తెచ్చిచ్చాడు?"

"ఇదిగో, ఈ గండప్పగారే ప్రభూ. నెత్తిన పెట్టుకుని మరీ తెచ్చారు."

"గండప్పగారి కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి ప్రభూ," అన్నాడు కొమ్మన, "ఆయన నెత్తి మీద కన్నేసే వేగునే తమరు నియమించలేదు!"

గండప్ప నుదుటి మీద పులుసు చార ఇంకా ఆరలేదు. అది చూసిన రాజు పెదవులు బిగబట్టాడు. ఆగలేదు. కిరీటం చెవి మీదికి జారేదాకా నవ్వాడు. కొమ్మనకు ముత్యాలహారం వేసి, ఓబులయ్యకు శాలువా కప్పి, తన వేగులవాళ్ళందరికీ ఆయన్నే గురువుగా నియమించాడు.

"ఇంతకీ ఓబులయ్యా, అక్కడ నువ్వెలా తప్పించుకున్నావు?"

"నేను తప్పించుకున్నదేముంది ప్రభూ!" ముసలాయన సిగ్గుపడ్డాడు. "ఓ పల్లకీ ఎక్కి, మోసే బోయీలు చాలలేదన్నాను. కూలీల వేషంలో వెంటపడ్డవాళ్ళే కాదనలేక మోసుకొచ్చి పొలిమేరలో దింపి, దారిలో ఎండ తగులుతుందని గొడుగు కూడా ఇచ్చి వెళ్ళారు."