సింగారి ఇంటి తలుపు

అనగనగా ఒక వానల అడవిలో గరగయ్య అనే కొమ్ముముక్కు పిట్ట ఉండేవాడు. పచ్చటి పెద్ద ముక్కు, దాని మీద టోపీ పెట్టినట్టు ఒక కొమ్ము. ఆ టోపీ చూసుకుని అడవికంతా తానే పెద్దననుకునేవాడు, పాపం.

ఆ అడవి అంతస్తుల మేడలా ఉండేది. అన్నిటికన్నా ఎత్తైన చెట్ల మీద గద్దలు, వాటి కింద దట్టంగా అల్లుకున్న కొమ్మల్లో కోతులూ ఉడతలూ, ఇంకా కింద నీడపొదల్లో చిన్నపిట్టలూ కాపురముండేవి. అడుగున రాలిన ఆకుల్లో వానపాములూ రోకలిబండ పురుగులూ పుట్టగొడుగులూ.

గరగయ్య భార్య సింగారికి గుడ్లు పెట్టే రోజులొచ్చాయి. కొమ్ముముక్కు పిట్టల్లో ఒక ఆచారముంది. తల్లి చెట్టుతొర్రలో కూర్చుని వాకిలిని బురదతో మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు వదులుతుంది. తండ్రి అందులోంచి పళ్లు అందిస్తాడు. ఆ తలుపు లేకపోతే పాము వచ్చి గుడ్లు మింగేస్తుంది.

గరగయ్యకు గృహప్రవేశం ఘనంగా చెయ్యాలని ముచ్చట పుట్టింది. కింద కుళ్లిన ఆకులు చూసి చుట్టాలు ముక్కులు మూసుకుంటారేమోనని బెంగ. అంత పెద్ద ముక్కులు ముయ్యడం తేలికా మరి? అందుకని అడవికోళ్లను పిలిచి, చెట్టు చుట్టూ ఉన్న ఆకులన్నీ వాగులోకి తోయించాడు. ఎర్రక్క అనే ముసలి వానపాము వద్దని బతిమాలింది.

"అడుగున పాకేవాళ్లా నాకు చెప్పేది?" అన్నాడు గరగయ్య.

మర్నాడు జడివాన పట్టుకుంది. ఆకుల దుప్పటి లేని నేల మీంచి మట్టంతా కొట్టుకుపోయింది. రాళ్లూ వేళ్లూ మిగిలాయి.

"బురద ఏదండీ? గుడ్డు ఆగేలా లేదు. పక్క కొమ్మ మీద పాము నన్నే చూస్తోంది," అంది సింగారి తొర్రలోంచి.

గరగయ్య పైకెగిరాడు. గద్దనడిగితే, తన దగ్గర గాలి తప్ప ఏమీ లేదంది. ఉడతనడిగితే బెరడుముక్కలు తెచ్చింది. అవి నిలవలేదు. చివరికి తల వంచుకుని నేల మీద వాలాడు.

"తప్పైపోయింది ఎర్రక్కా. నా ఇంటికి తలుపు లేదు."

ఎర్రక్క రాతికింద నుంచి తల బయటపెట్టింది. "మీరు పైనుంచి రాల్చే ఆకు మాకు అన్నం నాయనా. మేం తిని వదిలిందే మట్టి. ఆ మట్టే మీ చెట్టుకు అన్నం. ఈ రాతికింద కాస్త మెత్తమట్టి మిగిలింది, పట్టుకెళ్లు. కానీ మా ఆకులు మాకు తెచ్చిపెట్టు."

గరగయ్య ముక్కునిండా మట్టి మోశాడు. సింగారి గబగబా మెత్తింది. పాము వచ్చేసరికి తలుపు గట్టిపడింది. పాము ముక్కు దానికి ఠపీమని కొట్టుకుని, సిగ్గుపడి వెళ్లిపోయింది.

ఇక ఆకుల పని. గరగయ్య వాగు ఒడ్డు నుంచి ఒక్కొక్కటే మోస్తుంటే కోతులకు జాలేసింది, నవ్వూ వచ్చింది. అవి కొమ్మలెక్కి ఊపితే ముదురాకులు జల్లున రాలాయి. నేల మళ్లీ నిండిపోయింది. చుట్టాలొచ్చారు, ఎవరూ ముక్కులు మూసుకోలేదు. అడవిపళ్లు తిని గింజలు కిందికి ఊశారు. సింగారి పిల్లలు తలుపు పగలగొట్టుకుని బయటికొచ్చేనాటికి, ఆ గింజల్లోంచి బుల్లి మొక్కలు తలలెత్తాయి.

ఇప్పుడు ఆకు రాలినప్పుడల్లా గరగయ్య కిందికి వంగి, "ఎర్రక్కా, వడ్డించాను, భోంచెయ్యి," అంటాడు.

నీతి: అడుగున ఉన్నవాళ్ల కంచం లాగేస్తే, పై అంతస్తుకు తలుపే మిగలదు.