తిరగేసిన ఉయ్యాల బొంత

కంకణగిరి అని ఒకానొక రాజ్యం. దానికి రణభీమదేవుడు రాజు. ఆయన నోట ఏ మాట వస్తే అదే శాసనం.

పట్టాభిషేకం నాడు తొందరలో ఆయన పట్టు ఉత్తరీయం తిరగేసి కప్పుకున్నాడు. బుటాల వెనకుండే వదులు దారాలన్నీ పైకి తేలాయి. ఎవరో కిసుక్కుమనబోతే, "కప్పుకునే పద్ధతి ఇదే!" అని గద్దించాడు. అంతే, మర్నాటి నుంచి కొలువు కొలువంతా ఉత్తరీయాలు తిరగేసింది. ఆ దారాల్లో హారాలు చిక్కుకుంటే విడదీయడానికి ఒక ఉద్యోగిని కూడా పెట్టారు. అతన్ని అందరూ చిక్కులయ్య అనేవారు. అతనికి ఒక గుర్రం, ఒక గొడుగు!

ఆస్థాన విదూషకుడు తిప్పన్నకు ఇదంతా మహా సరదాగా ఉండేది. లోపల నవ్వుకుంటూనే తనూ తిరగేసి కప్పుకునేవాడు. కొలువులో బతకాలి మరి.

రాజుగారికి లేకలేక కొడుకు పుట్టాడు. ఉయ్యాలలో వేసే రోజున, బొంతలు కుట్టే ఓబమ్మ పట్టుబొంత తెచ్చి సభలో పరిచింది. రాజు దాన్ని చూసి మండిపడ్డాడు.

"ఇదేమిటి? బట్ట తిరగేసి కుట్టావు!"

"లేదు మారాజా. పువ్వు నున్నగా కనబడేదే పైవైపు. దారాలు లేచిన వైపు దూది మీదికి పోవాల. ఎవురైనా అట్టనే కుడతారు."

సభలో అందరి చూపులూ ఎవరి భుజాల మీదికి వాళ్లవి పోయి, అక్కణ్ణించి నేల మీద పడ్డాయి. రాజు ముఖం కందగడ్డలా అయింది.

"అంటే నేను కప్పుకున్నది తప్పా? నా కొడుకు ఉయ్యాలకు అపశకునం తెచ్చింది కాక ఎదురు మాట్లాడుతుందా! దీని కుడిచేతి బొటనవేలు తీసేయండి!"

ఇన్నాళ్లూ తను నవ్వుకున్న సరదా ఇంత దూరం వస్తుందని తిప్పన్న కలలో కూడా అనుకోలేదు. బొటనవేలు పోతే ఈ ముసలిది సూది ఎలా పడుతుంది? ఏం తిని బతుకుతుంది? ఓబమ్మ ఏడవలేదు. ఆ వేలిని పిడికిట్లో దాచుకుని కొయ్యబారిపోయి నిలబడింది. అది చూసి తిప్పన్న ముందుకు వచ్చాడు.

"ప్రభూ, చిన్న మనవి," అన్నాడు. "వేలు ఇప్పుడే తీసేస్తే ఈ బొంత సరిచేసేదెవరు? ముందు తమ పద్ధతిలో తిరగేసి కుట్టించండి. సాయంత్రం వేడుక కాగానే వేలు సంగతి చూసుకోవచ్చు."

"భేష్! తెలివంటే ఇదీ!" అన్నాడు రాజు.

ఓబమ్మ తిప్పన్న వైపు చూసింది. "నువ్వూ ఇంతేనా నాయనా?"

ఆ మాట తిప్పన్నకు చివుక్కుమనిపించింది. అయినా దగ్గరికి వెళ్లి, "కుట్టు అవ్వా. ఒక్క దారం కూడా కత్తిరించకు," అని మాత్రం చెప్పాడు.

సాయంత్రం బంగారు ఉయ్యాల కట్టారు. రాణిగారు బిడ్డనెత్తుకుని వచ్చారు. "ప్రభూ, తండ్రి చేతుల మీద బొంత పరుచుకుని, అందులోకి బిడ్డను అందుకుంటే చూడముచ్చటగా ఉంటుంది," అన్నాడు తిప్పన్న.

రాజు ఉబ్బిపోయి రెండు చేతుల మీదా బొంత పరుచుకుని సర్దబోయాడు. రవ్వల ఉంగరం దారాల్లో చిక్కుకుంది. లాగాడు, కంకణం చిక్కుకుంది. విదిలించాడు, మెళ్లో హారం కూడా పట్టుకుంది. చిక్కులయ్య పరుగెత్తుకొచ్చి వంగేసరికి అతని చేతి మురుగులూ అందులోనే ఇరుక్కున్నాయి!

రాణి బిడ్డను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. "నేనివ్వను! ఉంగరానికే ఇన్ని తిప్పలైతే, ఈ వేళ్లు ఏమైపోవాలి?"

రాజు బిడ్డ వైపు చూశాడు. మల్లెమొగ్గల్లాంటి వేళ్లు గాలిలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఆయన తిప్పన్న వైపు తిరిగాడు.

"తిప్పన్నా! ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు ప్రభూ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పిన మనిషి ఒకామె ఉంది ప్రభూ. ఆమె వేలు తీసేయమన్నారు."

తిప్పన్న తల ఎగిరిపోయిందనే అనుకున్నారంతా. రాజు తన భుజం చూసుకున్నాడు, సభలో అందరి భుజాలూ చూశాడు.

"పట్టాభిషేకం నుంచీనా?" అన్నాడు నీరసంగా.

పక్కనే ఇరుక్కుపోయి ఉన్న చిక్కులయ్య ఒక్కడే తలూపాడు. వాణ్ణి చూడగానే రాజుకు నవ్వు తన్నుకొచ్చింది. బొంత ఊగిపోయేలా, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "ఇక చాలు! అవ్వను పిలవండి," అన్నాడు.

ఓబమ్మ వచ్చింది. చూపుడువేలుతో, బొటనవేలుతో ఒక్కొక్క దారం పట్టుకుని నెమ్మదిగా విడిపించింది. అంతసేపూ రాజు ఆ బొటనవేలినే చూస్తూ కూర్చున్నాడు. చేయి బయటికి రాగానే ఆ కంకణం తీసి ఆమె చేతికి తొడిగాడు.

"నీకేం కావాలి తిప్పన్నా?"

"ఉత్తరీయం సరిగ్గా కప్పుకోవడానికి సెలవివ్వండి ప్రభూ."

రాజు మళ్లీ నవ్వి, తన ఉత్తరీయమే తీసి, పువ్వుల వైపు పైకి వచ్చేలా తిప్పన్న భుజాన కప్పాడు. సభలో అందరూ గబగబా తిరగేసుకున్నారు. పాపం, చిక్కులయ్య కొలువు పోయింది. అతనికి ఉయ్యాల ఊపే పని ఇచ్చారు. గొడుగు ఉంచారు కానీ, గుర్రం తీసేసుకున్నారు.