రత్నం కాళ్ళవాపు, బుల్లియ్య తెలివి

కాలవగట్టు మీద ఇస్త్రీ బండి పెట్టుకున్న బుల్లియ్య ఇంట్లో ముగ్గురే మనుషులు: బుల్లియ్య, పెళ్ళాం నూకరత్నం, తమ్ముడు తాతారావు. తెలివి మాత్రం ముప్పైమందికి సరిపడా ఉందని వాళ్ళ గట్టి నమ్మకం. "ఊళ్ళోవాళ్ళు ఒకటి చెబితే ఇంకోటి చేస్తార్రా. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం. తెలివంటే అదీ!" అని బుల్లియ్య రోజుకి రెండుసార్లన్నా అనేవాడు. అన్నప్పుడల్లా తాతారావు తలూపేవాడు.

పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీ చేసే రత్నానికి చీలమండలు వాచాయి. పొద్దున్నకి తగ్గుతుందిలే అనుకున్నారు. నాలుగు పొద్దులు గడిచినా తగ్గలేదు. పెళ్ళయిన కొత్తలో తను కొనిపెట్టిన వెండి పట్టీలు చర్మంలోకి దిగిపోవడం చూసేసరికి బుల్లియ్య హడలిపోయాడు. పెళ్ళామంటే ప్రాణం మరి! వెంటనే నర్సు కరుణమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆవిడ కాళ్ళు చూసి చెప్పింది. "ఇంట్లో ఉప్పు బాగా తగ్గించండి. పడుకున్నప్పుడు కాళ్ళు గుండె కంటే ఎత్తులో ఉండాలి. రోజూ ఇలా వేలితో నొక్కి చూడండి, గుంట పడి అలాగే ఉండిపోతే నాకు చూపించండి. వారానికీ వాపు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఒక్క కాలే బాగా వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, గుండెల్లో నొప్పన్నా మాత్రం వారం గీరం చూడకండి. ఉన్నపళంగా పెద్దాసుపత్రికి పరిగెత్తండి!"

బుల్లియ్య పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆవిడ కూడా మెచ్చుకుంది, పాపం.

ఇంటికి రాగానే ఉప్పు జాడీ మూత తీశాడు. అంచుదాకా ఉంది. "అమ్మో! ఇంతుంటే వాపు రాదా మరి? తగ్గించెయ్యాలి." పారబొయ్యడానికి మనసొప్పలేదు. అంతే! పప్పులో గుప్పెడు, చారులో గుప్పెడు, మజ్జిగలో గుప్పెడు. ముగ్గురూ కళ్ళు మూసుకుని మింగారు. మూడు రోజుల్లో జాడీ సగానికి దిగింది. రత్నం వాపు చీలమండల నుంచి పిక్కల దాకా పాకింది.

"చూశావా అన్నియ్యా, ఉప్పు తగ్గేకొద్దీ వాపు పైకి పారిపోతంది!" అన్నాడు తాతారావు.

తర్వాత గుండె సంగతి. కాళ్ళు గుండె కంటే ఎత్తులో ఉండాలి, బాగానే ఉంది, ఎవరి గుండె కంటే? అది అడగడం మరిచిపోయారు. ఇంట్లో అందరికన్నా పొడుగు తాతారావు. వాణ్ణి గోడకి నిలబెట్టి, గుండె దగ్గర సుద్దతో గీత గీసి, దానికి జానెడు పైకి వచ్చేలా దూలానికి పాత చీర కట్టి, రత్నం కాళ్ళు వేలాడదీశారు. తల చూస్తే చాప మీద, కాళ్ళు చూస్తే దూలం కింద.

"మావా, కళ్ళు తిరుగుతున్నాయి," అంది రత్నం.

"తిరగనీ. కళ్ళ గురించి కరుణమ్మగారు ఏమీ చెప్పలేదు."

ఇక గుంట. బుల్లియ్య స్టూలెక్కి నొక్కితే గుంట పడింది, వేలు తీసినా అలాగే ఉంది. తాతారావు పరుగున వెళ్ళాడు. కరుణమ్మగారు టీకాలెయ్యడానికి పక్కూరు పోయారట, రెండు రోజులకి గానీ రారట. వాడు తిరిగొచ్చేసరికి గుంట కాస్తా పూడిపోయింది. "అయ్యో, ఇప్పుడు ఆవిడకి ఏం చూపిస్తాంరా!" అని బుల్లియ్య నెత్తి కొట్టుకున్నాడు. ఇంకేముంది! మళ్ళీ నొక్కి, ఈసారి గుంట పోకుండా వేలు అలాగే అదిమిపట్టాడు. చెయ్యి నొప్పెడితే తమ్ముడి వేలు. బండి మీద బొగ్గులు ఆరిపోయాయి, జనం బట్టలు ముద్దలు ముద్దలుగా పడున్నాయి, అన్నదమ్ములు మాత్రం స్టూలు దిగలేదు.

ఏడో రోజు పొద్దున్న రత్నం గొంతు పీలగా వచ్చింది. "మావా... ఆయాసం... ఊపిరందట్లేదు."

బుల్లియ్య స్టూలు మీంచి దూకేశాడు. "ఆయాసంరా! ఉన్నపళంగా పరిగెత్తమన్నారు!" అంతే, ఇద్దరూ లుంగీలు ఎగ్గట్టి పరుగో పరుగు. మూడు కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పరిగెత్తి, పెద్దాసుపత్రి డాక్టరమ్మ బల్ల ముందు రొప్పుతూ కూలబడ్డారు. ఆవిడ గబగబా బుల్లియ్య ఛాతీ మీద గొట్టం పెట్టింది.

"ఆయాసం నాక్కాదండి, మా రత్నానికండి."

"ఆవిడేదీ?"

"ఇంటి దగ్గరండి. దూలానికి వేలాడతందండి."

డాక్టరమ్మ గబుక్కున అంబులెన్సుకి ఫోను అందుకుంది. "ఆవిణ్ణి వదిలేసి మీరెందుకొచ్చారయ్యా!"

"పరిగెత్తమన్నారండి. మోసుకుని పరిగెత్తమనలేదండి."

అంబులెన్సు వెళ్ళి రత్నాన్ని దించి తెచ్చింది. గుండె నీరసించి ఒంట్లో నీరు చేరిందట. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదంది డాక్టరమ్మ. ఆ మాటకి బుల్లియ్య వరండాలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంత తెలివుండీ పెళ్ళాన్ని పోగొట్టుకునేవాణ్ణని ఏడ్చాడు.

పది రోజుల మందులకి వాపంతా తీసింది. పంపించేటప్పుడు డాక్టరమ్మ, ఈ మనిషికి రెండు మాటలు చెబితే ప్రమాదమని గ్రహించి, ఒక్కటే చెప్పింది. "మళ్ళీ వాపొస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని రా."

బుల్లియ్య లెక్కేశాడు. ఇంటి దగ్గర వాపొస్తే ఆటోలో ఇక్కడికి పావుగంట. అమ్మో, పావుగంటే! మర్నాడు ఆరింటికల్లా రత్నాన్ని తీసుకొచ్చి డాక్టరమ్మ గది గుమ్మం ముందు నిలబెట్టాడు.

"కాసేపు కూచుంటా మావా."

"కూచుంటే కోక కప్పేస్తది. వాపు ఎప్పుడొచ్చిందో ఎలా తెలుస్తది? నిలబడు."

డాక్టరమ్మ వచ్చింది, వరసలో ఉన్నారనుకుని లోపలికి పోయింది, రోగులు వచ్చారు, పోయారు. మధ్యాహ్నమైంది. తాతారావు నేల మీద బోర్లా పడుకుని, వదిన కాళ్ళకేసి రెప్పవెయ్యకుండా చూస్తున్నాడు. "ఏరా, వచ్చిందా?" "రాలేదన్నియ్యా." సాయంత్రం ఆరయింది. డాక్టరమ్మ గదికి తాళం వేస్తోంది.

"అన్నియ్యా! వచ్చేసింది!"

బుల్లియ్య ఎగిరి గంతేసి తాళం వేస్తున్న ఆవిడ చేతిని పట్టుకున్నాడు. "డాక్టరమ్మగారూ, వచ్చేసిందండీ! పన్నెండు గంటలు నిలబెడితే ఇప్పటికి వచ్చిందండీ! మీరే చూసుకోండి, ఈసారి ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు!"