తెడ్డు మీద గవ్వ

ఎవరేమడిగినా విద్యాధరస్వామి వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్లను వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డున కాసేపు నడుస్తారు. ఆ ఉదయం ఆయన వెంట నడిచింది సుభద్ర.

ఆమెకు ఒంట్లో ఓపిక లేదు. అన్న గోవర్ధనం తాగి వచ్చి లోకం మీది కోపమంతా ఆమె మీదే తీర్చుకునేవాడు. కిందటి వారం అతను విసిరిన చెంబు తగిలి కనుబొమ మీద కుట్లు పడ్డాయి. అయినా తెల్లారి లేచి అతనికి వండిపెట్టింది ఆమే.

"ఇక నావల్ల కాదు స్వామీ. కానీ అతన్ని వదిలేస్తే, ఇన్నాళ్లూ నేను చూపించిన దయ అబద్ధమైపోదా?" అని అడిగింది. ఏడుపు కూడా రాలేదు.

స్వామి నడక ఆపలేదు. కొంచెం ముందు పైడితల్లి అనే బెస్తామె పడవ పక్కన కూర్చుని వల దులుపుతోంది. వలలోంచి ఒక గవ్వ ఇసుకలో పడింది. బంగారు రంగు మీద గోధుమరంగు గీతలతో ఎంతో ముచ్చటగా ఉంది. లోపలి నత్త ప్రాణంతోనే ఉంది. పాపం, ఎండకు చచ్చిపోతుందని సుభద్ర వంగి చెయ్యి చాచింది.

పైడితల్లి ఆ చేతిని పక్కకు తోసేసింది. "ముట్టుకోకమ్మా. కుడతాది."

ఆ జాతి గవ్వే తన పెనిమిటిని కుట్టిందని చెప్పింది. సూదిలాంటి పన్ను వేలిలో దిగిందట. ఊపిరాడక చావు తప్పి బయటపడ్డ ఆ మనిషి మళ్లీ పడవ ఎక్కలేదట. చెబుతూనే ఒక రాయి అందుకుంది.

నత్త సన్నటి తొండం చాచి పొడి ఇసుకలో తడి కోసం తడుముకుంటోంది. పైడితల్లి రాయి పట్టుకుని దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడింది. చివరికి నిట్టూర్చి రాయి కింద పడేసింది. పడవలోంచి తెడ్డు తీసి, గవ్వను దాని మీదికి నెట్టి, చేతులు బారుగా చాచి మోకాలిలోతు నీళ్లలోకి నడిచి అక్కడ వదిలేసింది. తిరిగొచ్చి మళ్లీ వల ముందు కూర్చుంది.

భర్తను అంత బాధపెట్టిన జాతిదాన్ని ఎందుకు బతకనిచ్చిందో సుభద్రకు అంతుపట్టలేదు. ఆ మాటే స్వామిని అడిగింది.

ఆయన పైడితల్లి పక్కనున్న తెడ్డు చూపించారు.

"నత్త నీళ్లకు చేరిందమ్మా. ఆవిడ చెయ్యి ఆవిడకు మిగిలింది."