పెట్టెలో ఒకే ఒక్క మంచి పార

రింగ్జిన్‌కి వచ్చిన చిక్కు ఒకటే. పెట్టె నిండా సామాను ఉంది, ఎంచుకోవడానికి ఒక్కరోజే ఉంది.

ఆ పెట్టెని ఒక విదేశీ బృందం వదిలి వెళ్ళింది. శిఖరం ఎక్కి దిగినవాళ్ళు, ఇంత బరువు మళ్ళీ ఎవరు మోస్తారనుకుని ఖర్‌డోల్ ఊరి గొంపాకి ఇచ్చేసి పోయారు. గొంపా అంటే ఆ కొండల్లో బౌద్ధుల మఠం. ఖర్‌డోల్ గొంపాలో ఉండేది ఒక్క లామా. పేరు ఉర్గ్యాన్. ఊరంతా ఆయన్ని మేమే అని పిలుస్తారు, తాత అని అర్థం. మేమేకి డెబ్బై దాటాయి. పొద్దున్నే దీపాలు వెలిగిస్తారు. వేసవిలో పిల్లలచేత అక్షరాలు దిద్దిస్తారు. చలికాలం వస్తే స్కీలు కట్టుకుని మంచు మీద జారడం నేర్పుతారు. రెండూ ఒకే పాఠం అంటారు. ఏమిటా పాఠం అని అడిగితే టీ పోస్తారు.

ఆయన శిష్యుల్లో పెద్దవాడు రింగ్జిన్, పాతికేళ్ళ వాడు. స్కీల మీద అతన్ని మించినవాడు ఆ లోయలో లేడు, ఆ సంగతి అతనికీ తెలుసు. అతని తర్వాత చెప్పుకోదగ్గది పల్మో, పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆమెకి స్కీల కంటే స్నోబోర్డు ఇష్టం. ఒకే పలక మీద రెండు కాళ్ళూ పెట్టి, పక్కకి తిరిగి నిలబడి, పాడుకుంటూ దిగుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఆ పలక నిలువునా రెండుగా విడిపోయి స్కీలవుతుంది. దిగేటప్పుడు మళ్ళీ ఒకటవుతుంది.

ఆ ఏడాది పల్మో అక్కకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది కనుమకి అవతలి ఊరు. ముహూర్తం పెట్టింది మేమేనే. పెట్టిన వారానికి మంచు విరగబడి కురిసి దారి మూసుకుపోయింది. పల్మో వాళ్ళమ్మ గొంపాకి వచ్చి, దీపంలో నెయ్యి పోసి, నిదానంగా అంది.

"ముహూర్తం మీరే పెట్టారు మేమే. పెళ్ళికొడుకుని కూడా మీరే తెప్పించాలి."

"న్యాయమే," అన్నారు మేమే. రింగ్జిన్, పల్మో కనుమ దాటి వెళ్ళి పెళ్ళికొడుకుని వెంటబెట్టుకు రావాలని నిర్ణయించారు. అవతలి ఊరివాళ్ళకీ స్కీలు వచ్చు కాబట్టి అతన్ని మోసుకురావక్కర్లేదు, దారి చూపిస్తే చాలు.

దారిలో ఉన్న భయమల్లా కనుమకి ఈ పక్కనున్న పెద్ద వాలు. ఏటా ఒక్కసారైనా అక్కడ మంచుచరియ జారిపడుతుంది. దాని కింద చిక్కినవాళ్ళకి పావుగంట టైము ఉంటుందని ఖర్‌డోల్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆలోపు పక్కనున్నవాళ్ళు వెతికి, తవ్వి, బయటికి లాగాలి.

రింగ్జిన్ పెట్టెలో సామానంతా ముంగిట్లో ఎండలో పరిచాడు. అతనికి సామాను తెలుసు. నూలు బనియన్లని పక్కకి విసిరేశాడు. "ఇవి చెమట పీల్చుకుని ఒంటిమీదే గడ్డకడతాయి. లోపల పల్చటి ఉన్ని, పైన గాలి ఆపే కోటు. ఎక్కేటప్పుడు కాస్త చలి వేస్తేనే మంచిది," అని పల్మోకి చెప్పాడు. పల్మో చేతులు తొందరగా కొంకర్లు పోతాయని మందపాటి చేతితొడుగులు ఆమెకే ఇచ్చాడు. బీకన్లు రెండున్నాయి, రెండూ ఒకే రకం. మెడలో వేసుకునే ఆ చిన్న యంత్రం మంచు కింద ఉన్నా సంకేతం పంపుతుంది, పైనున్న వాళ్ళ యంత్రం దాన్ని పట్టుకుంటుంది. అవి చెరొకటి. ఎర్రటి జాకెట్టు ఒకటే ఉంది. అది అతనికే సరిపోయింది.

మిగిలినవి పారలు. ఒకటి లోహంది, తేలిగ్గా ఉంది, కర్ర లాగితే పొడుగవుతుంది. రెండోది ప్లాస్టిక్‌ది, మెడ దగ్గర సన్నగా బీట తీసింది. రింగ్జిన్ రెండిటినీ అటూ ఇటూ తిప్పి చూసి, లోహపు పారని తన సంచిలో పెట్టుకున్నాడు.

మేమే అరుగు మీద కూర్చుని బార్లీలో రాళ్ళు ఏరుతున్నారు.

"ఆ పార నీకెందుకు రా?" అని అడిగారు.

"ముందు నడిచేది నేను కదా మేమే. చరియ విరిగితే ముందు చిక్కేది నేనే. ప్రమాదం ఎవరికి ఎక్కువో వాళ్ళ దగ్గర మంచిది ఉండాలి."

"ఇంకోసారి చెప్పు."

రింగ్జిన్ మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఇంకా బాగా చెప్పాననుకున్నాడు.

"బాగుంది," అన్నారు మేమే. చేట పక్కన పెట్టి లేచారు. "నీ ఎర్ర జాకెట్టు, బీకను ఇలా ఇవ్వు. మీరిద్దరూ లోపలికెళ్ళి నూటెనిమిది సార్లు మంత్రం చదువుకోండి. తొందరపడకుండా చదవండి."

గొంపా వెనక ఎప్పుడో జారి ఆగిపోయిన పాత చరియ ఒకటి ఉంది. మేమే అక్కడికి వెళ్ళి, మంచుగడ్డల మధ్య లోతైన సందు చూసి, బీకనుని జాకెట్టులో చుట్టి అందులోకి జారవిడిచారు. గొంపా కప్పు మీద మంచు తోసే చెక్కపలకతో ఆ సందు పూడ్చారు. తర్వాత దానిమీద ఎగిరెగిరి తొక్కారు. లోపల మంత్రం చదువుతున్న పల్మో కిటికీలోంచి ఆయన తల ఒక్కటే పైకీ కిందికీ ఎగరడం చూసి లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచీ చదవాల్సి వచ్చింది. ఆలోపు పైనున్న మంచు రాయిలా బిగుసుకుంది.

మేమే రింగ్జిన్‌కి తన శాలువా కప్పి, సంచి వీపుకి తగిలించి, చరియ పక్కన బండమీద కూర్చోబెట్టారు. ఎదురుగా రాగి గిన్నె పెట్టి వేడివేడి వెన్నటీ పోశారు.

"ఇప్పుడు నువ్వు కింద ఉన్నావు," అన్నారు. "కింద ఉన్నవాళ్ళు లేవరు, మాట్లాడరు. పల్మో, వాడు ఎక్కడున్నాడో చూడమ్మా."

పల్మో బీకను పట్టుకుని అటూ ఇటూ నడిచింది. దాని కూత పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. రెండు నిమిషాల్లో చోటు తెలిసింది. సంచిలోంచి ప్లాస్టిక్ పార తీసి తవ్వడం మొదలుపెట్టింది.

రింగ్జిన్ చూస్తూ కూర్చున్నాడు. పార మంచు మీద పడ్డప్పుడల్లా వంగుతోంది. వేసిన దెబ్బకి చారెడు మంచు కూడా లేవడం లేదు. గిన్నెలో టీ మీద వెన్న తేలి పొరకట్టింది. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో బీట పెరిగి టప్‌మంది.

అతను సంచి తాడు విప్పబోయాడు. "పల్మో, ఇదిగో నా—"

"కింద ఉన్నవాళ్ళు మాట్లాడరు," అన్నారు మేమే.

"అది కాదు మేమే, పార నా వీపు మీదే ఉంది."

"నువ్వూ అక్కడే ఉన్నావుగా," అన్నారు మేమే, చరియ వైపు చూపిస్తూ.

రింగ్జిన్ సంచి తాడు వదిలేశాడు. పల్మో విరిగిన పార రేకుని రెండు చేతులతో పట్టుకుని గీకింది. బోర్డు అంచుతో పొడిచింది. తొడుగులు తీసేసి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో లాగింది. చెమటతో ముఖం పొగలు కక్కుతోంది. టీ గిన్నె అంచున సన్నటి మంచు వచ్చింది, తర్వాత నడుమకి పాకింది. రింగ్జిన్‌కి ఎందుకో ఊపిరి సరిగా ఆడలేదు. జాకెట్టే కదా అనుకున్నాడు. అనుకున్నా ఆడలేదు.

ముప్పావుగంటకి ఎర్రటి చెయ్యి ఒకటి బయటికొచ్చింది. పల్మో దాన్ని లాగి, దులిపి, జాకెట్టు ముఖంలోకి చూసినట్టు వంగి, "అన్నా, ఉన్నావా?" అంది. అని తనే పకపకా నవ్వింది.

మేమే రాగి గిన్నె బోర్లించారు. చుక్క కూడా పడలేదు.

రింగ్జిన్ లేచాడు. సంచిలోంచి లోహపు పార తీసి, వెళ్ళి పల్మో సంచిలో పెట్టాడు. వెనక్కి వచ్చి మేమేకి వంగి దండం పెట్టాడు. గుండె తేలికైంది.

"అర్థమైంది మేమే. నా వీపు మీదున్న పార నాకు పనికిరాదు."

"సంతోషం," అన్నారు మేమే. ఆయన ముఖం నిజంగానే వెలిగింది. రింగ్జిన్ చేతిలో విరిగిన ప్లాస్టిక్ రేకు పెట్టారు. గడ్డకట్టిన టీని రాతికి కొట్టి రాల్చి, గిన్నెలో మళ్ళీ వేడి టీ పోశారు. పోసి, పల్మో వైపు చెయ్యి చాపారు.

"నీ టోపీ ఇలా ఇవ్వమ్మా."

పల్మో టోపీ తీసి ఇచ్చింది. మేమే దాన్ని పట్టుకుని గుంట వైపు నడిచారు.

రింగ్జిన్ చేతిలో రేకుని చూశాడు. ఈసారి కింద ఉండేది పల్మో, దీనితో తవ్వాల్సింది తను. పల్మోని చూశాడు. జుట్టులో మంచు, గోళ్ళ దగ్గర నెత్తురు, ఇంకా నవ్వు ఆగని ముఖం.

"ఆగండి మేమే," అన్నాడు.

మేమే ఆగారు. రింగ్జిన్ మళ్ళీ బండమీద కూర్చుండిపోయాడు. ఈ సారి ఎవరూ కూర్చోమనలేదు. తలెత్తి, "మీ ఇంట్లో దళసరి అల్యూమినియం సామాను ఏదైనా ఉందా?" అని పల్మోని అడిగాడు.

పల్మో ఆలోచించింది. "పెళ్ళివంటకి తెచ్చిన గుండిగ ఉంది. దాని మూత ఇంత దళసరి. కానీ అమ్మ..."

అమ్మ మూత మీద కూర్చున్నంత పని చేసింది. "మూత లేకపోతే అన్నం ఎలా ఉడుకుతుంది?" అని అడిగింది.

"పెళ్ళికొడుకు రాకపోతే ఆ అన్నం ఎవరికి పిన్నీ?" అన్నాడు రింగ్జిన్.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. కూతురి గోళ్ళు చూసింది. లోపలికెళ్ళి మూత తెచ్చి ఇచ్చింది. "అన్నం మీద బండ పెట్టుకుంటాను. పొండి."

మూతని పారగా మార్చే పని ఊరి కమ్మరి ఎప్పుడూ చెయ్యలేదు. మొదటిసారి గరిటెలా వచ్చింది, రెండోసారి పళ్ళెంలా వచ్చింది. పల్మో కొలిమి తిత్తి ఊదింది. రింగ్జిన్ సుత్తి పట్టాడు. మధ్యలో పెళ్ళికూతురు కూడా వచ్చి, తన పెళ్ళి పార ఎంతవరకూ వచ్చిందో చూసి పోయింది. సాయంత్రం ఎండ ఉండగానే పార తయారైంది. చూడ్డానికి వికారంగా ఉంది. మూత పిడి ఊడిన చోట కన్నం కూడా ఉంది. పాత చరియ దగ్గరికి తీసుకెళ్ళి దిగేస్తే గడ్డకట్టిన మంచు ఇటుకలు ఇటుకలుగా లేచింది. ఇద్దరూ పారలు మార్చుకుని తవ్వి చూశారు, మళ్ళీ మార్చుకుని చూశారు. అవసరం తీరిపోయినా సరదాకి తవ్వుతూనే ఉన్నారు. చివరికి కమ్మరి వచ్చి నాకూ ఇవ్వండి అన్నాడు.

మర్నాడు పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి లేదు. ఊరంతా గొంపా ముంగిట్లో చేరింది. పల్మో వాళ్ళమ్మ రొట్టెలు, వెన్న మూటగట్టి ఇచ్చి, పెళ్ళికొడుకు దారిలో సన్నబడకుండా చూడమంది. రింగ్జిన్ స్కీలు బిగించుకున్నాడు. పల్మో బోర్డు విడదీసి కాళ్ళకి కట్టుకుంది. బీకన్లు మెడలో వేసుకుని, ఒకరిది ఒకరికి వినిపిస్తోందో లేదో సరిచూసుకున్నారు.

మేమే ఇద్దరి సంచులూ తడిమి చూశారు. రెండిటిలోనూ పార లేదు. పారలు గోడకి ఆనించి ఉన్నాయి, ఎండలో మెరుస్తూ.

"ఇందులో ఏది ఎవరిది?" అని అడిగారు.

రింగ్జిన్ పల్మో వైపు చూశాడు. పల్మో రింగ్జిన్ వైపు చూసింది.

"అది తేల్చుకోలేదు మేమే," అన్నాడు రింగ్జిన్.

మేమే నవ్వారు.

"అయితే ఇక బయల్దేరండి," అన్నారు.