పేరయ్య ఇంట్లో ఆఖరి పురుగు

కందులపాలెంలో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే, పేరయ్య తన ఇంటికి దారి చెప్పేవాడు. ఆయన భార్య నాంచారమ్మ, కూతురు మంగతాయి కూడా అంతే. ఊళ్ళోవాళ్ళు ఒకటి చెప్పి ఇంకోటి అనుకుంటారట. "మనకా జబ్బు లేదు. మాటంటే మాటే," అనేవాడు పేరయ్య.

అలాంటి ఇంట్లో కొత్తల్లుడు గవర్రాజు పాయసంలో బొద్దింక వచ్చింది. జీడిపప్పనుకుని నమిలాక తెలిసింది పాపం. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు.

"ఈ ఇంట్లో ఒక్క పురుగున్నా నేను గడప తొక్కను. మీ అమ్మాయినీ తీసుకెళ్ళను!" అని విసవిసా వెళ్ళిపోయాడు.

పేరయ్య మురిసిపోయాడు. "ఎంత పద్ధతైన పిల్లాడే! గడప తొక్కితే లక్ష్మీదేవికి కోపం. దాటే రావాలి."

మంగతాయి మాత్రం రెండో మాట పట్టుకుని భోరుమంది. పురుగులు పోకపోతే కాపురం లేనట్టే. కూతురి ఏడుపు చూసి పేరయ్య గుండె నీరైపోయింది. తెల్లారగానే పట్నం వెళ్ళి వాక్యూమ్ క్లీనర్ కొన్నాడు.

"పురుగైనా బూజైనా పీల్చిపారేస్తుందండీ. మూలమూలా చూపించండి, చాలు," అన్నాడు కొట్టువాడు.

ఇంకేముంది, ముగ్గురూ దాన్ని చంకనెత్తుకుని ఇల్లంతా చూపించారు. "ఇదిగో, ఇది ఈశాన్యం మూల, ఇక్కడ సాలెపురుగుంటుంది. ఇది ఆగ్నేయం, బొద్దింకలు ఇక్కడే." మిషను ఉలకలేదు, పలకలేదు.

"కొత్త చోటు కదండీ, మొహమాటపడుతోంది," అని నాంచారమ్మ దానికి బొట్టుపెట్టి మంచినీళ్ళిచ్చింది. అవీ తాగలేదు.

చివరికి పక్కింటి మాణిక్యం వచ్చి ప్లగ్గు పెట్టింది. మిషను గుయ్యిమంది. "దీని లోపలి సంచి నిండాక మూతి గట్టిగా కట్టేసి, బయటికి తీసుకెళ్ళి దులపండి వదినా," అని చెప్పి వెళ్ళింది.

సాయంత్రానికి సంచి నిండింది. అంతే, ముగ్గురూ తువ్వాళ్ళతో మూతులు గట్టిగా కట్టేసుకున్నారు. పేరయ్య తెరిచిన సంచి పట్టుకుని ముందు నడిచాడు. సాలెపురుగులు సంచి అంచెక్కి తాపీగా దిగిపోయాయి. బొద్దింకలు బియ్యం డబ్బా వైపు దారితీశాయి. వెనక నడుస్తున్న మంగతాయికి అన్నీ కనిపిస్తున్నాయి, చెబుదామంటే మూతి కట్టేసి ఉంది.

"ఊఁ! ఊఁ!" అంది.

"ఊఁ," అన్నాడు పేరయ్య, కూతురు మెచ్చుకుంటోందనుకుని. వీధిలో దులిపితే గుప్పెడు దుమ్ము రాలింది.

మళ్ళీ పీల్చారు, మళ్ళీ మూతులు కట్టుకున్నారు. రోజూ ఇదే తంతు. చివరికి ఆ ఊరేగింపు భరించలేక పురుగులే మాణిక్యం ఇంటికి మకాం మార్చేశాయి. ఇల్లు అద్దంలా అయింది. అల్లుడికి కబురు వెళ్ళింది.

గవర్రాజు వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. మూలలన్నీ చూశాడు, ఒక్క పురుగూ లేదు. మనసు కుదుటపడి, కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు. మంగతాయి లోపల చీరలు సర్దేసుకుంది.

వియ్యంకుడు కాఫీ తాగుతూ నవ్వాడు. "మావాడి కోపాన్ని మనసులో పెట్టుకోకండి బావగారూ. వాడికి లోకం తెలీదు. ఉత్త పుస్తకాల పురుగు!"

ఇల్లంతా చీమ చిటుక్కుమంటే వినబడేలా అయిపోయింది. ఆ చిటుక్కుమనడానికి చీమ కూడా లేదు.

"పురుగా!" అంది నాంచారమ్మ.

"అయ్యో నాన్నా, మా ఆయన చూశారంటే ఇక జన్మలో రారు!" అని మంగతాయి పరుగెత్తుకొచ్చింది.

పేరయ్య మిషను గొట్టం అందుకుని గవర్రాజు నెత్తిన పెట్టాడు. జుట్టు లోపలికి పోయింది, మిగతావాడు పట్టలేదు.

"బాగా బలిసిన పురుగు. రెక్కలు పట్టుకోండే!" అన్నాడు.

తల్లీకూతుళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. గవర్రాజుని వీధిలోకి గెంటి, తలుపు గడియపెట్టి ఊపిరి పీల్చుకున్నారు. వియ్యంకుడి చేతిలో కాఫీ చల్లారిపోయింది.

తలుపు దబదబా మోగింది.

"ఎవరూ?"

"నేను! మీ అల్లుణ్ణి!"

పేరయ్య మొహం వెలిగిపోయింది. "సమయానికొచ్చారు బాబూ! ఆఖరి పురుగుని ఇప్పుడే బయట పారేశాం. గడప తొక్కకుండా దాటి రండి. అదింకా గుమ్మంలోనే ఉంటుంది, కాలికి చెప్పుందిగా, ఆ పురుగుని మాత్రం గట్టిగా తొక్కెయ్యండి!"