పెడమొగమ్మ గుట్ట

పూర్వం నల్లమల అంచున చిలకదుర్గాన్ని సింగమనాయకుడనే ప్రభువు పరిపాలించే కాలంలో, ఆయనకు మధుమేహం సంప్రాప్తించి, దేహం శుష్కించి, లఘుశంకకు కూర్చున్న చోటల్లా చీమలు బారులు తీరసాగాయి. ఆ రోజుల్లో ఆ రోగానికి అదే గురుతు. తండ్రి వద్ద వైద్యం అభ్యసించి ఆస్థానానికి వచ్చిన నాగసానమ్మ, ఆ గుట్టల్లో పాకే పొడపత్రి తీగ గుణాన్ని పరీక్షించదలచగా, మొదటి ఆకు తానే నములుతానని ప్రభువు పట్టుబట్టాడు.

నమిలిన పిమ్మట నోట వేసుకున్న బెల్లం ఇసుకలా తోచేసరికి ఆయన పొంగిపోయాడు. “నాలోని తీపి చచ్చింది, రోగం పోయింది! ఈ ఆకు మహిమ నీ నోటితోనే ఊరూరా చాటు తల్లీ. రేపు రోగులందరికీ బొబ్బట్ల విందు!”

నాగసానమ్మకు రాబోయే ముప్పు కళ్ళకు కట్టింది. తానొక్క మాటంటే చాలు, రోగులంతా పథ్యం గట్టున పెడతారు. ఆపై వారి ప్రాణాలకు పూచీ ఎవరు?

“చచ్చింది నాలుక ప్రభూ, రోగం కాదు. చీమలను అడగనివ్వండి.”

“చీమల సాక్ష్యం విన్న సభ ఎక్కడైనా ఉందా అమ్మా?” అని మంత్రి ఎకసెక్కమాడాడు.

“లంచం తినని సాక్షులు ఇక్కడ వేరే దొరకలేదు మంత్రిగారూ!”

సభ ఘొల్లుమంది. ప్రభువు కళ్ళెర్రజేసి, “చాటకపోతే దుర్గం విడిచిపో!” అన్నాడు.

“కొలువు మీది, నోరు నాది,” అని ఆమె వెనుదిరిగి చూడకుండా ఎదురుగుట్ట ఎక్కింది.

వెంట వచ్చిన రోగులలో కొందరికి ఆకు, కొందరికి పథ్యం, కొందరికి రెండూ ఇచ్చి, చీమల రాకపోకలను ఓపికగా కనిపెట్టింది. ఉత్త ఆకు నమిలినవారి వద్ద చీమల బారు చెదరలేదు. ఉత్త పథ్యం పట్టినవారి వద్ద కొంత తగ్గింది. రెండూ పాటించినవారిలో పలువురి వద్ద పలచబడింది. కొందరి వద్ద అదీ లేదు. ఉన్నదున్నట్టు అందరికీ చెప్పింది.

ఈలోగా బొబ్బట్లు ఆరగించిన ప్రభువు, కాలికి లేచిన పుండు ఎంతకీ మానక, పల్లకిలో గుట్టకు వచ్చాడు. “నయమవుతుందని ఒక్క మాట అనమ్మా,” అని వేడుకున్నాడు.

“అనను నాయనా. పథ్యం పట్టు, వైద్యం చేస్తాను. చూసినంతే చెబుతాను.”

ప్రభువు తలవంచాడు, పథ్యం పట్టి మరికొంతకాలం బతికాడు. నాగసానమ్మ పరమపదించాక ఆయన కుమారుడు ఆమె శిలామూర్తిని ఆ గుట్టపై కోటకు అభిముఖంగా నిలిపితే, తెల్లవారేసరికి కోటకు వీపు పెట్టి ఉందట. ఎన్నిసార్లు తిప్పినా అంతే. నేటికీ ఆ తల్లి అలాగే, గుట్టెక్కి వచ్చే రోగులవైపు చూస్తూ ఉంటుంది. జనం పెడమొగమ్మ అంటారు. అక్కడి పూజారి తీర్థమిస్తాడు, కుంకుమ ఇస్తాడు, “తగ్గిపోతుంది” అని మాత్రం ఎంతటివారు అడిగినా అనడు.